సైకస్ మూల

మా అత్తయ్యకు దేవుడి తరవాత మొక్కలు, మొక్కల తరవాత మేము. ఒక్కోసారి దేవుడు కూడా ఒక మెట్టు కిందికి జరగాల్సొచ్చేది. ఈ మాట ఆవిడ బతికుండగా ఆవిడ ముందే చాలాసార్లు అన్నాను. "నోర్ముయ్యవే, చర్చిలో ఎవరైనా వింటారు" అనేది గానీ, కాదని మాత్రం అనేది కాదు.

ఆవిడ మా నాన్నకు అక్క. గుంటూరు వైపు నుంచి ఉద్యోగం కోసం సికింద్రాబాద్ వచ్చి, ఒక ఆడపిల్లల కాలేజీలో బోటనీ లెక్చరర్‌గా చేరింది. ఆ తరవాత రైల్వేలో గుమాస్తా ఉద్యోగం దొరికి నాన్న కూడా వచ్చాడు. రాంగోపాల్‌పేట్‌లో ఒక మేడ కింది వాటాలో అందరం కలిసి ఉండేవాళ్ళం. ఆవిడ పెళ్ళి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగే ధైర్యం ఇంట్లో నాకొక్కదానికే ఉండేది. అడిగితే "తీరిక లేక" అంది. నేను నమ్మాను. ఇప్పటికీ నమ్ముతాను, ఎందుకంటే ఆ తీరికంతా ఎక్కడికి పోయిందో నాకు తెలుసు. కాలేజీ వెనక తోటలోకి పోయింది.

ఆ తోట ఆవిడ మొదలుపెట్టింది కాదు. కాలేజీ ఆవరణ ఒకప్పుడు ఎవరో తెల్ల సైనికాధికారి బంగళా. వాళ్ళు వెళ్ళిపోయాక మిషన్ వాళ్ళు తీసుకుని బడి పెట్టారు, బడి కాలేజీ అయింది. అందులో పాఠాలు చెప్పిన ఒక దొరసాని, పుస్తకంలో బొమ్మలు చూపించి చెట్ల సంగతి చెప్పడం తన వల్ల కాదని, బంగళా వెనక గుర్రాలు కట్టే చోట చెట్లు నాటించిందట. నాకు బుద్ధి తెలిసేనాటికి ఆవిడ నాటినవాటిలో ఒక నాగలింగం, ఒక మహాగని మిగిలాయి. దొరసాని తన దేశం వెళ్ళిపోయాక తోటను పట్టించుకున్న నాథుడు లేడు. విరిగిన బెంచీలు అక్కడే పారేసేవారు. ముళ్ళపొదలు పెరిగి పాములు చేరాయి. కొత్తగా చేరిన లెక్చరర్లకు అప్పటి ప్రిన్సిపాల్‌గారు "అటువైపు మాత్రం పోకండమ్మా" అని చెప్పారట. అత్తయ్య ఆ సాయంత్రమే అటు పోయింది.

బెంచీలు తీయించింది. తొట్టి కట్టించి తామరలు వేసింది. గోడ నీడన రాళ్ళు పేర్చి ఫెర్న్‌లు పెంచింది. ఏ కుటుంబం మొక్కలు ఆ కుటుంబంతోనే ఉండాలని మడులు విడదీసింది. అందంగా తయారయ్యాక మిగతా లెక్చరర్లు టిఫిన్ డబ్బాలు పట్టుకుని అక్కడికి రావడం మొదలుపెట్టారు. అది చూస్తే ఆవిడకు ఒళ్ళు మండేది. "ఇది పార్కు కాదండీ, క్లాసు రూము" అనేది. ప్రతి మొక్క దగ్గరా ఒక రేకు ముక్క, దాని మీద లాటిన్ పేరు ఉండాలి. రెజిమెంటల్ బజార్‌లో స్కూటర్లకు నంబర్ ప్లేట్లు రాసే పెయింటర్‌తో అవి రాయించేది. ఆయన పక్కనే స్టూలు వేసుకుని కూర్చుని అక్షరం అక్షరం చెప్పేది. "మేడం, మీరు గిట్ల మీద మీద కూసుంటే నా చెయ్యి వణుకుతది" అని ఆయన మొత్తుకునేవాడు పాపం. వణికిన చోట చెరిపించి మళ్ళీ రాయించేది.

సెలవుల్లో విద్యార్థినులను టూర్లకు తీసుకెళ్ళేది. మిగతా డిపార్టుమెంట్ల పిల్లలు మైసూరు, ఊటీ చూసి ఫొటోలు తెచ్చుకుంటే, మా అత్తయ్య పిల్లలు కొండలెక్కి, మోకాళ్ళు గీరుకుని, సంచుల నిండా మట్టి తెచ్చుకునేవారు. నేను స్కూల్లో ఉండగా ఒకసారి నన్ను కూడా వెంట తీసుకెళ్ళింది. కడప వైపు కొండలకి. అక్కడే, అడవి ఆఫీసువాళ్ళను బతిమాలి, అనుమతి తీసుకుని, ఒక సైకస్ మొక్కను తవ్వించింది. పెద్ద అనాసపండంత మొద్దు, దాని నెత్తిన కాసిని ఆకులు. తిరుగు ప్రయాణంలో దాన్ని తడి గోనెలో చుట్టి, పైన తన వాయిల్ చీర కప్పి, రైల్లో తన బెర్తు మీద పడుకోబెట్టింది. తను దాని కాళ్ళ దగ్గర ముడుచుకుని కూర్చుంది. టిక్కెట్ కలెక్టర్ చూసి "పేషెంటా అమ్మా?" అని మెల్లగా అడిగాడు. "అవునండీ, సీరియస్" అంది. ఆయన పాపం లైటు ఆర్పేసి వెళ్ళిపోయాడు.

సైకస్ చూడ్డానికి ఈతచెట్టు పిల్లలా ఉంటుంది గానీ ఈతచెట్టుకూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పూలు పూచే మొక్కలేవీ భూమ్మీదికి రాకముందే ఇవి ఉన్నాయని, రాక్షసిబల్లులు వీటి మధ్య తిరిగాయని క్లాసులో చెప్పేటప్పుడు ఆవిడ గొంతు మారిపోయేదట. మహా నిదానంగా పెరుగుతుంది. ఏడాదికోసారి నడినెత్తి నుంచి ఆకులన్నీ ఒక్కసారే లేస్తాయి, చివర్లు చుట్టుకుని, కోడిపిల్ల ఒంటి మీద లాంటి నూగుతో. విప్పుకుని గట్టిపడ్డాక నిగనిగలాడే ముదురాకుపచ్చ. కోసి పెట్టినా వారాల తరబడి వాడవు. ఆ వాడకపోవడమే చివరికి దాని ప్రాణం మీదికి తెచ్చింది.

వీటిలో ఆడ చెట్టు వేరు, మగ చెట్టు వేరు. మాది ఆడది. జోడీ కోసం ఆవిడ చాలా తిరిగింది, దొరకలేదు. విత్తనాలు లేవు, పిలకలు కూడా వెయ్యలేదు. అది పోతే ఇక అంతే. స్టాఫ్ రూములో దాని మీద జోకులు వేసుకునేవారని, ఆ జోకులు నిజానికి చెట్టు మీద కాదని నాకు పెద్దయ్యాక అర్థమైంది. ఆవిడకు ముందే అర్థమైనట్టుంది. "మేమిద్దరం హాయిగానే ఉన్నామని చెప్పాను" అంది ఒకసారి, ఉల్లిపాయలు తరుగుతూ.

మా చర్చి, ఆ కాలేజీ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. సైకస్ ఉన్న మూల ఆ గోడ పక్కనే. మట్టల ఆదివారం నాడు మేమందరం చేతుల్లో మట్టలు పట్టుకుని పాడుకుంటూ చర్చి చుట్టూ తిరుగుతాం, ప్రభువు గాడిదపిల్లనెక్కి యెరూషలేములోకి వచ్చిన రోజుకు గుర్తుగా. ముందురోజు మా యువకులు మట్టల కోసం బయల్దేరుతారు. అల్వాల్ అవతలికి పోతే ఈతమట్టలు దొరుకుతాయి. కానీ గోడ అవతల అంత నిగనిగలాడే ఆకులు చేతికి అందుతుంటే అంత దూరం ఎవరు పోతారు? ప్రతి ఏడూ గోడెక్కేవారు. ప్రతి ఏడూ అవతల అత్తయ్య కుర్చీ వేసుకుని కూర్చుని ఉండేది, ఒళ్ళో బైబిలుతో. "దిగండి నాయనా, జాగ్రత్త, గాజుపెంకులున్నాయి" అనేది ఎంతో మర్యాదగా. ఒక ఏడు మా చర్చి పాస్టర్ అయ్యగారే స్వయంగా వచ్చి అడిగారు. "అయ్యగారూ, ప్రభువు గాడిదపిల్లను తెమ్మన్నప్పుడు మళ్ళీ పంపించేస్తానని కూడా చెప్పాడు. మీరు ఆకులు మళ్ళీ పంపించగలరా?" అంది. ఆయన నవ్వు ఆపుకోలేక వెళ్ళిపోయారు. మరుసటి వారం ప్రసంగంలో ఆ మాట చెప్పారు కూడా.

పెళ్ళి పందిళ్ళకు అడిగినా ఇచ్చేది కాదు, చావులకు అడిగినా ఇచ్చేది కాదు. మా వాళ్ళలో శవపేటిక చుట్టూ సైకస్ ఆకులు పేర్చడం కాస్త కలిగినవాళ్ళ పద్ధతి. భూస్థాపన అయ్యేదాకా ఆకు వాడదు, ఫొటోల్లో బాగా పడుతుంది. మా తాతయ్య చనిపోయినప్పుడు నాన్న అడిగాడు, "మన నాన్నకు కూడా ఇవ్వవా అక్కా?" అని. ఆవిడ ఏడుస్తూనే ఇవ్వనంది. "పచ్చగా ఉన్నదాన్ని కోసి పక్కన పెడితే నాన్నకేం ఒరుగుతుందిరా" అంది. నాన్న చాలాకాలం ఆవిడతో సరిగా మాట్లాడలేదు. ఒకే ఇంట్లో ఉంటూ కూరలో ఉప్పు తక్కువైందని కూడా నా ద్వారానే చెప్పించేవాడు.

తోట ఒక్కసారిగా పోలేదు. ఒక్కసారిగా పోతే ఎవరైనా అడ్డుపడి ఉండేవారేమో. ముందు కొత్త బిల్డింగు వచ్చింది, తరవాత స్కూటర్ల స్టాండు, తరవాత క్యాంటీను. ప్రతిసారీ "కొంచెమే మేడం" అన్నారు. నాగలింగం కొట్టేసిన రోజు ఆవిడ అన్నం తినలేదు. బోటనీ చదివే పిల్లలు తగ్గిపోయారు, కంప్యూటర్ సెక్షన్లు పెరిగాయి, వాళ్ళను ఎక్కడో ఒకచోట కూర్చోబెట్టాలి కదా. కాలేజీవాళ్ళు దుర్మార్గులు కారు. వాళ్ళ లెక్క వాళ్ళది. చివరికి గోడ పక్క మూల ఒక్కటి మిగిలింది. సైకస్, పాత మహాగని, దాని పక్కన ఫెర్న్‌ల రాళ్ళు, తుప్పు పట్టిన కొన్ని రేకులు. అప్పటికి అత్తయ్య రిటైరైపోయింది. అయినా కమిటీ దగ్గరికి పోయి కూర్చుంది. ఏం మాట్లాడిందో తెలియదు గానీ, "ఆ సైకస్ బతికున్నంత కాలం ఆ మూల ఎవరూ ముట్టుకోరు మేడం" అని అప్పటి ప్రిన్సిపాల్ అందరి ముందూ మాటిచ్చారు. ఆ తరవాత ప్రిన్సిపాళ్ళు మారారు. ఒక్కరూ ఆ మాట తప్పలేదు, అది ఒప్పుకోవాలి. కాలేజీలో అందరూ దాన్ని సైకస్ మూల అనేవారు.

అమ్మా నాన్నా పోయాక అత్తయ్య అల్వాల్‌లో నా దగ్గరికి వచ్చేసింది. రోజూ బస్సెక్కి కాలేజీకి పోయేది. గుండె బలహీనపడ్డాక డాక్టరు మెట్లెక్కొద్దన్నాడు, బస్సు మెట్లు కూడా. అప్పటి నుంచి నా బ్యాంకు ఉద్యోగం నుంచి ఇంటికి వస్తూ నేను దారిలో దిగి నీళ్ళు పోసి రావడం మొదలైంది. నాకు మొక్కలంటే అంత ప్రేమ లేదు. ప్రేమ ఉన్నది ఆవిడంటే. ఇంట్లో అడుగు పెట్టీ పెట్టగానే, "మట్టిలో వేలు పెట్టి చూశావా?" అని అడిగేది. మట్టి గోరు చూపిస్తే గానీ కాఫీ ఇచ్చేది కాదు.

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, దిండ్లకు ఆనుకుని కూర్చుని అంది. "నా పేరున ఏమీ పెట్టించకండే. సమాధి మీద రాయి కూడా వద్దు. ఆ మూల మాత్రం ఉండేట్టు చూడు. అది ఉంటే నేనొక పని చేసినట్టు, లేకపోతే జీతం తీసుకుని ఇంటికొచ్చినట్టు." నేను ఎప్పటిలా ఏదో వేళాకోళం ఆడబోయాను. ఆవిడ మొహం చూసి ఆగిపోయి "చూస్తానత్తయ్యా" అన్నాను.

ఈస్టర్‌కు ముందొచ్చే శ్రమల దినాల్లో, మట్టల ఆదివారం ఇంకా రాకముందు, ఆసుపత్రిలో పోయింది. బాధపడలేదు. ఆ మాట అందరూ అంటారు, నేను పక్కనే ఉన్నాను కాబట్టి అంటున్నాను. ఆసుపత్రి కాగితాలు, పెట్టె, సమాధుల తోటలో చోటు, ఇవన్నీ నేను చూసుకుంటుంటే, పువ్వుల సంగతి తను చూసుకుంటానని ఒకావిడ ముందుకొచ్చింది. ఆవిడ అత్తయ్య దగ్గర చదువుకున్న పిల్ల. ఇప్పుడు అదే కాలేజీలో బోటనీ చెప్తోంది. అల్వాల్‌లో మా పక్క వీధే, తరతరాలుగా అక్కడ వ్యవసాయం చేసిన కుటుంబం. నన్ను అక్కా అంటుంది. అత్తయ్యను మేడం అన్నా, కన్నతల్లి కంటే ఎక్కువ చూసుకుంది. ఆసుపత్రికి జావ కాచి తెచ్చింది కూడా ఆవిడే.

నేను చర్చికి చేరేసరికి పెట్టె బలిపీఠం ముందు పెట్టి ఉంది. చుట్టూ సైకస్ ఆకులు. అంచుల వెంట ఒకదాని మీద ఒకటి పేర్చి, తలవైపు శిలువలా అల్లి, మధ్య మధ్య తెల్ల చామంతులు గుచ్చారు. పూలకొట్టు ఆకులు కావని చూడగానే తెలిసింది. ఆ పొడవు, ఆ నిగారింపు సికింద్రాబాద్‌లో ఇంకెక్కడా లేవు. చర్చి స్త్రీల సమాజం అధ్యక్షురాలు నన్ను కావలించుకుని "ఎంత బాగుందో చూడమ్మా, రాణిలా ఉంది" అని ఏడ్చింది. నిజంగానే బాగుంది. అదే నన్ను ఎక్కువ ఏడిపించింది. అందరినీ పట్టుకుని తిట్టాలనీ ఉంది, అత్తయ్యను లేపి చూపించాలనీ ఉంది.

తరవాత కాలేజీ మాలి చెప్పాడు ఎలా జరిగిందో. ముందు ఆ బోటనీ లెక్చరర్ సగం ఆకులే కోయించిందట. పెట్టెకు ఒకవైపు సరిపోయి, రెండోవైపు బోసిగా కనిపించింది. ఇంకొన్ని కోశారు. శిలువ కూడా ఉంటే బాగుంటుందని సమాజంవాళ్ళు అన్నారు. అలా ఒక్క ఆకు మిగల్లేదు. "మేడం ఉంటే నన్ను ముట్టనిచ్చేదా అమ్మా? కత్తి నా చేతుల్నే ఉండె. ఏడ్సుకుంటనే కోసిన" అన్నాడాయన.

సమాధుల తోట నుంచి తిరిగొచ్చేటప్పుడు ఆ పిల్ల ఆటోలో నా పక్కన కూర్చుంది. నేను ఏమీ అనకముందే తనే అంది. "అక్కా, మేడం ఎవ్వరికీ ఇయ్యలే. సొంత నాయినకు సుత ఇయ్యలేదంట కదా. ఇన్నేండ్లు కాపాడిన ఆకులు ఆమెకన్న దక్కాలె అనిపించింది. పరేషాన్ కాకు అక్కా. మొద్దు మంచిగుంది. ఎండలు ముదిరినంక మల్ల లేస్తయి."

తను చెప్పింది తప్పు కాదు. ఆకులన్నీ తీసేసినా సైకస్ చావదు, నెత్తి లోపల చిగురు ఉంటుంది, సమయానికి లేస్తుంది. బోటనీ తెలిసినవాళ్ళకు అది పెద్ద విషయం కాదు. కానీ బోటనీ తెలియనివాళ్ళ కంటికి అక్కడ ఇప్పుడు చెట్టు లేదు. నల్లగా, పొలుసులు పొలుసులుగా, మోకాలి పైదాకా ఒక మొద్దు ఉంది.

ఆ ఏడు మట్టల ఆదివారానికి ముందురోజు ఎవరూ గోడెక్కలేదు. నేను నీళ్ళు పోస్తూ అవతలి మాటలు వింటున్నాను. ఈతమట్టల కోసం వ్యాను ఎక్కుతున్నారు. ఒక్కడైనా గోడెక్కితే బాగుండు, తిట్టి దింపేదాన్ని అనిపించింది.

పోయినవాళ్ళ ఇంటివాళ్ళను ఓదార్చడానికి పెట్టే ఆదరణ కూటానికి ఇప్పటి ప్రిన్సిపాల్‌గారు వచ్చారు. అత్తయ్య గురించి రెండు మంచి మాటలు చెప్పి, వెళ్ళేటప్పుడు నన్ను పక్కకు పిలిచారు. "ఆ మూల జనరేటర్ షెడ్డుకు అడుగుతున్నారమ్మా. ఇన్నాళ్ళూ నేను ఆపుతూ వచ్చాను. కానీ ఆ చెట్టు... ఎండిపోయినట్టుంది కదా?" అన్నారు. బతికే ఉందని చెప్పాను. బోటనీ లెక్చరరు కూడా పక్కనే నిలబడి, గోటితో గీరి లోపలి పచ్చదనం చూపిస్తానంది. ఆయన మంచివాడే. "మేడంకి ఇచ్చిన మాట మాట. చెట్టు వదిలి చుట్టూ చదును చేయమని చెప్తాను. కాలేజీ తెరిచేలోపు చిగురిస్తే కమిటీ నోరెత్తదు" అన్నారు.

అప్పుడు అర్థమైంది ఆ పిల్లకు తను చేసిందేమిటో. "నేనే మేడం మాట పోగొడుతున్ననా అక్కా" అంది. నేను కాదన్నాను. ఆ మాట అనడానికి నాకు కష్టం కాలేదు, ఎందుకంటే ఆకులు కోసిన చేతుల్లో ఒక్కటి కూడా పరాయి చెయ్యి కాదు. కోపం తెచ్చుకోవడానికి ఒక మనిషి దొరికి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది.

ఎండలు ముదిరాయి. కాలేజీకి సెలవులిచ్చారు. పొద్దున తను, సాయంత్రం నేను నీళ్ళు పోసేవాళ్ళం. మొద్దు మీద తడి గోనె కప్పేవాళ్ళం. పొలుసుల మధ్య వేలు పెట్టి ఒత్తి చూసి "మెత్తగైతున్నట్టుంది అక్కా" అనేది. నాకు ఏ తేడా తెలిసేది కాదు, అయినా అవునన్నట్టు తలూపేదాన్ని. ఒకరోజు నేను వెళ్ళేసరికి చెప్పులు విడిచి దాని ముందు దణ్ణం పెట్టుకుంటోంది. నన్ను చూసి సిగ్గుపడింది. నేను కూడా పక్కన నిలబడి, మా పద్ధతిలో, కళ్ళు మూసుకుని రెండు మాటలు ప్రార్థించాను. అత్తయ్య చూస్తే ఇద్దరినీ కలిపి తిట్టేది.

తరవాత ఆ పిల్లకు పేపర్లు దిద్దే డ్యూటీ కరీంనగర్‌లో పడింది. వెళ్ళనంటే కుదరదు. మాలి మనవరాలి పెళ్ళికని ఊరికి పోయాడు. రెండు పూటలా నేనే వెళ్ళేదాన్ని. రోజూ సాయంత్రం ఫోను వచ్చేది. హలో కూడా ఉండేది కాదు. "అక్కా, చిగురొచ్చిందా?" ఇంకా లేదు అనేదాన్ని. "వస్తది అక్కా. మేడం మొండిది కదా, అది సుత గట్లనే ఉంటది" అనేది. నేను లేదన్న ప్రతిసారీ ఆవిడ గొంతు ఇంకాస్త సన్నబడేది.

ఒక ఆదివారం చర్చిలో ఉన్నాను. ఆరాధన మధ్యలో గోడ అవతల నుంచి జేసీబీ చప్పుడు మొదలైంది. మా రోడ్డును ఎప్పుడూ ఎవరో ఒకరు తవ్వుతూనే ఉంటారు కాబట్టి ఎవరూ పట్టించుకోలేదు. అయ్యగారు గొంతు పెంచి వాక్యం చదివారు. మేము కూడా గొంతు పెంచి పాట పాడాం. స్త్రీల సమాజం అధ్యక్షురాలు విసుక్కుంటూ లేచి, గోడవైపు కిటికీలు మూసి వచ్చింది. ఆ చెట్టును ఎరిగినవాళ్ళందరం, దానికి పదడుగుల దూరంలో, కిటికీలు మూసుకుని కూర్చున్నాం.

ఆరాధన అయ్యాక నీళ్ళ సీసా పట్టుకుని అటు వెళ్ళాను. మూలంతా చదునుగా ఉంది. ఫెర్న్‌ల రాళ్ళు లేవు. మహాగని మాత్రం నిలబడి ఉంది, దాని చుట్టూ జాగ్రత్తగా తాడు కట్టి వదిలారు. జేసీబీ నడిపిన మనిషి తప్పు చెయ్యలేదు. చెట్టు వదలమన్నారు, వదిలాడు. నేను మొద్దు ఏదని అడిగితే, డ్రైవరు టీ తాగుతున్నవాడు గ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడ్డాడు. "చెట్టు ముట్టొద్దన్నరమ్మా. ముట్టలే. గది ఎండిపోయిన మొద్దు అనుకున్న. ఏమన్న తప్పైందా?" అన్నాడు.

గోడ పక్కన మట్టి కుప్ప మీద పడి ఉంది. యంత్రం పళ్ళు తగిలి నెత్తి నుంచి నిలువునా రెండుగా చీలిపోయింది. దగ్గరికి వెళ్ళి కూర్చున్నాను. చీలిన చోట లోపల, పొలుసుల కింద, పసుపుపచ్చగా, తడిగా, చిగుళ్ళు. ఒకదాన్నొకటి ఒత్తుకుని, చివర్లు చుట్టుకుని, నూగుతో. కొన్ని సగానికి తెగిపోయాయి. ఇంకో వారం ఆగితే పైకి లేచేవి. ఎవరైనా చూసి చెట్టు అనుకునేవారు. నేను దాని మీద చెయ్యి వేసి, అత్తయ్య పోయిన రోజు కూడా ఏడవనంతగా ఏడ్చాను. ఆ రోజు చూసుకోవాల్సిన పనులు ఉన్నాయి. ఈ రోజు ఏ పనీ మిగల్లేదు.

ఫోను మోగింది. సాయంత్రం రావలసింది, మధ్యాహ్నమే.

"అక్కా, డ్యూటీ అయిపోయింది. జూబ్లీ బస్టాండ్ల ఇప్పుడే దిగిన. చిగురొచ్చిందా?"

చేతి కింద మెత్తగా తగులుతోంది. లేదు అనాలంటే నోరు రాలేదు. తను చెప్పిందే నిజమైంది. తను చదువుకున్నదీ, నమ్మిందీ నిజమైంది. ఆ ఒక్క మాటైనా ఆవిడకు దక్కాలనిపించింది.

"లోపల చిగురుందమ్మా," అన్నాను. తరవాతి మాట చెప్పడానికి ఊపిరి తీసుకున్నాను.

అవతల నుంచి ఒక్క కేక. పక్కన ఎవరితోనో "మా మేడం చెట్టు బతికింది" అని చెప్పడం వినిపించింది. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు. "అక్కా, నేను ఇంటికి పోను. సీదా కాలేజీకే వస్తున్న. నువ్వు ఆడనే ఉండు" అని పెట్టేసింది. తిరిగి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆటో మాట్లాడుకుంటున్నట్టుంది.

లేచి, చీర కుచ్చిళ్ళకు అంటిన మట్టి దులుపుకుని, కాలేజీ గేటు దగ్గరికి నడిచాను. లోపలికి వచ్చి కళ్ళతో చూడకముందే నేను చెప్పాలి. జూబ్లీ బస్టాండ్ నుంచి ఎంతో దూరం లేదు. ఏ మాటతో మొదలుపెట్టాలో అనుకుంటూ ఉండగానే ఆటో వచ్చి ఆగింది. బ్యాగు సీట్లోనే వదిలేసి దిగింది. అన్ని రోజుల తరవాత ఆ మొహంలో నవ్వు చూశాను. "ఎన్నొచ్చినయ్ అక్కా?" అని అడుగుతూ పరుగెత్తుకుంటూ వస్తోంది. నేను గేటుకు అడ్డంగా నిలబడి ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాను.